సిగ్నల్‌లోనూ తాలు ఉంది, రేటు మాత్రం ఒక్కటే

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేస్తున్నాను. పాతికేళ్లు దాటింది. ఫోన్ రీచార్జి రేట్లు పెరిగినప్పుడల్లా మీ పేపర్లో ఉత్తరాలు వస్తుంటాయి, వదలకుండా చదువుతాను. ఎంత పెంచారన్న గోలే గానీ, ఆ డబ్బుకి మన చేతికి ఏం వస్తోందో తూచి రాసినవాళ్లు నాకు కనపడలేదు. తూకాలు, లెక్కలు నా పని కాబట్టి నేనే రాద్దామనుకున్నాను.

మా దగ్గర కొనేవాడు టిక్కీ, అంటే మిర్చి మూట, మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ పైకి తీస్తాడు. ఒకటి విరిచి గింజ చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ ఎంతుందో వేళ్లతోనే పట్టేస్తాడు. ఆ తరవాతే రేటు. తేజా రకానికి ఒక రేటు, 341 రకానికి ఇంకో రేటు, తెల్లబారిన తాలుకి వేరే రేటు. తాలుని మేలు కాయ రేటుకి అమ్మబోతే యార్డులో ఆ మనిషిని మళ్లీ నమ్మరు. ఫోను సిమ్ము విషయంలో మాత్రం చదువుకున్నవాళ్లం కూడా మూట విప్పకుండా కొనేస్తున్నాం.

ఈ లెక్క నా బుర్రలోకి ఎక్కింది ఓ మార్చి నెలలో. ఎర్రగొండపాలెం వైపు రైతు ఒకాయన తేజా 120 టిక్కీలు ఏసీలో పెట్టాడు. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ, మా భాష అది. పొద్దున పదకొండుకి కొనేవాడు మా కొట్టుకొచ్చి శాంపిల్ చూసి రేటు ఒప్పుకున్నాడు. ఇంకో వరస నుంచి కూడా శాంపిల్ చూపించమన్నాడట. మా యజమాని నాకు ఫోన్ చేశారు. నేనప్పుడు కోల్డ్ స్టోరేజీలో హమాలీ ముఠా వాళ్లతో వేరే రైతు సరుకు తీయిస్తున్నా. ఛాంబర్ లోపల సిగ్నల్ రాదంటే ఒప్పుకుంటాను. గోడలకి థర్మాకోల్, దాని మీద రేకు, అది గుహ కిందే లెక్క. కానీ ఆ రోజు నేను లోపలున్నది పది నిమిషాలు. మిగతా ముప్పావు గంట బయట ప్లాట్‌ఫారం మీద, రశీదులు రాసే ఆఫీసు గదిలో ఉన్నా. ఫోన్ మీద రెండు గీతలు కనపడుతూనే ఉన్నాయి. ఒక్కసారి మోగలేదు. రోడ్డు మీదకొచ్చి టీ కొట్టు దగ్గర ఆగేసరికి టపటపా ఏడు మిస్డ్ కాల్ మెసేజీలు. అప్పటికి కొనేవాడు పక్క కొట్లో బేరం ముగించుకుని వెళ్లిపోయాడు. రెండు రోజుల తరవాత అదే సరుకు క్వింటాలుకి 300 తక్కువకి పోయింది. టిక్కీకి 40 కిలోల లెక్కన 48 క్వింటాళ్లు, 14,400 రూపాయలు. ఆ రైతు, "పోనీలే గుమాస్తా గారూ, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే రెండో కంపెనీ సిమ్ము ఒకటి తెచ్చి అదే ఫోన్లో వేశాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. రాస్తే మీరు వేయలేరు, పైగా ఇది ఒక్క కంపెనీ తప్పు కూడా కాదు. నెల రోజులు జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని తిరిగాను. ఎక్కడ ఉన్నా రెండిట్లోంచీ ఫోన్ చేసి చూడటం, కలిసిందీ లేనిదీ టిక్కు పెట్టుకోవడం. ఏమండీ ఇదేం పిచ్చి అని మా ఆవిడ నవ్వింది గానీ, నెలాఖరుకి తనే ఆ బుక్కు తీసి చదివింది.

నల్లచెరువులో మా ఇంటి ముందు గదిలో రెండూ బాగానే ఉన్నాయి. వెనక వంటగదిలో మొదటిది తడబడుతుంది, మాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో మొదటి కంపెనీ నుంచి 20 సార్లు చేస్తే 9 సార్లు కలిసింది, రెండోది 17 సార్లు. మా అమ్మ ఉండే ఊరు పెదనందిపాడు వైపు. అక్కడ సంగతి తిరగబడింది. మొదటిది నట్టింట్లో కూడా మోగుతుంది, రెండోదానికి డాబా ఎక్కాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఫోన్ కోసం డాబా ఎక్కుతుందా? ఇక యార్డులో, సీజన్లో పొద్దున పది నుంచి పన్నెండు దాకా రెండూ రెండే. నాలుగు గీతలు నిండా ఉంటాయి, ఫోను కలవదు. లక్ష టిక్కీలు పైన దిగిన రోజైతే పక్క కొట్టువాడికి మనిషిని పంపడమే నయం.

గీతలు నిండా ఉండి ఫోను ఎందుకు కలవదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. టీ కొట్టు దగ్గర టవర్ల పని చేసే కుర్రాడొకడు చెప్పాడు. "బాబాయ్, గీతలంటే టవరు గొంతు నీ ఫోనుకి వినపడుతోందని. టవరుకి తీరికుందని కాదు" అన్నాడు. రైతులు, హమాలీలు, లారీ డ్రైవర్లు, ఎగుమతి కంపెనీల మనుషులు అందరూ ఒకే గంటలో ఆ ఒక్క టవరు మీద పడితే అది ఎందరికని పలుకుతుంది? గోడల సంగతీ వాడే చెప్పాడు. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడల్లోంచి కాస్తో కూస్తో దూరుతాయి. 2300, 3500 అయితే ఎక్కువ డేటా మోస్తాయి గానీ గోడ అడ్డం వస్తే నీరసపడతాయి. గుంటూరుకి 5జీ వచ్చింది 2022 డిసెంబరు నెలాఖర్లో. వేగం నిజమే, మా అబ్బాయి సినిమా క్షణాల్లో దింపుతాడు. నాకు కావాల్సింది సినిమా కాదు, "రేటు ఒప్పుకోమంటావా" అనే రెండు ముక్కల మాట.

ఫిర్యాదు చేయలేదా అంటే చేశాను. 198కి ఫోన్ చేశా. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మూడో రోజు ఆఫీసు గదిలో కూచుని ఉంటే ఏమీ రాలేదు. సాయంత్రం రోడ్డు మీదకి రాగానే వచ్చింది మెసేజి, మీ ఫిర్యాదు పరిష్కారమైందని. అప్పీలు పెట్టుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది, అదీ పెట్టాను. ఈసారి ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మీ ప్రాంతంలో మా నెట్‌వర్క్ కొలతలన్నీ నిర్ణీత ప్రమాణాల లోపే ఉన్నాయి సార్ అంది.

అబద్ధం చెప్పిందని నేను అనుకోను. ఫోన్ కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ లెక్క ప్రకారం మధ్యలో తెగిపోయే కాల్స్ 2 శాతం మించకూడదు. ఆ రెండు శాతం లెక్క ఎక్కడెక్కడిది కలిపి కడతారన్నదే నా అనుమానం. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా ఫోన్ల లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసిందే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా సగటు తీస్తే మా కోల్డ్ స్టోరేజీ గది ఎక్కడ కనపడుతుంది? లారీ మొత్తానికి సగటు నాణ్యత బాగుందని చెప్పి, నా వాటాకి తాలు మూట దించినట్టుంది.

2024 అక్టోబరు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఎక్కడ ఏ సిగ్నల్ అందుతుందో ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్లో మ్యాపు పెట్టాలి. మంచి పనే. మా అబ్బాయి చేత తెరిపించి చూశాను. గుంటూరు మొత్తం ఒకే రంగు పూసి ఉంది. మా కోల్డ్ స్టోరేజీ మీద కూడా అదే రంగు, మా అమ్మ ఉండే ఊరి మీదా అదే రంగు. అందులోనే ఇంకో నిబంధన, జిల్లాలో 24 గంటలకి మించి నెట్‌వర్క్ పోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకి గడువు పెంచాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా పెద్దమ్మాయి విజయవాడ సింగ్‌నగర్‌లో రెండో అంతస్తులో చిక్కుకుపోయింది. డ్రోన్ల మీద అన్నం పొట్లాలు అందాయి గానీ రెండు రోజులు దాని గొంతు మాకు వినపడలేదు. కరెంటు లేదు, టవర్లు ఆగిపోయాయి, అదంటే విపత్తు, ఎవరినీ అనను. మా గదిలో ఏడాది పొడుగునా పోయే సిగ్నల్ మాత్రం ఏ జిల్లా లెక్కలోకీ రాదు.

ఇక ధర. నిజం చెప్పాలంటే ధర మీద నాకు పెద్ద కోపం లేదు. ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు తీసుకున్న రోజులు చూశాను, 2003 మేలో అది పోయాక గానీ మా రైతుల చేతికి ఫోన్లు రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఒక్క జీబీకి 250 రూపాయల దాకా పెట్టేవాళ్లం. 2024 పెంపు తరవాత కూడా దాదాపు అదే డబ్బుకి రోజూ ఒక జీబీ ఇచ్చారు. కానీ డేటా అక్కర్లేని మనిషి మీద పడే భారం చూడండి. 999 కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్న కార్డు మా అమ్మకి కొనిపెట్టింది నేనే. 2018 చివర్లో, నెలనెలా కనీసం 35 వేయకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామన్నారు. అంటే ఆ 'జీవితాంతం' మా అమ్మ కన్నా ముందే పోయింది. 35తో మొదలైంది 2021లో 79 అయింది, అదే ఏడు 99 అయింది, 2024 జులై నాటికి 199కి చేరింది.

ఆ జులై పెంపు తరవాత మా ఇంట్లో నాలుగు ఫోన్లకీ 299 ప్లానే పడుతూ వచ్చింది. 28 రోజులకి ఒకసారి కాబట్టి ఏడాదికి 13 సార్లు. నాలుగు ఫోన్లకి 15,548 రూపాయలు, అందులో జీఎస్టీ వాటాయే 2,370 పైమాట. 30 రోజుల ప్లాను ఒకటైనా ప్రతి కంపెనీ పెట్టి తీరాలని ట్రాయ్ 2022 జనవరిలోనే చెప్పింది. అది అడిగి వేయించుకునే మనిషిని మా బజార్లో ఇంతవరకూ చూడలేదు.

మా అమ్మది బటన్ల ఫోను. పచ్చ బటన్, ఎర్ర బటన్ తప్ప మూడోది తెలీదు. అలాంటి ఫోనుకి రీచార్జి కొట్టు కుర్రాడు 28 రోజులకోసారి 299 వేస్తుండేవాడు. రోజుకో జీబీ డేటా ఆ ఫోన్లో పుట్టి అర్ధరాత్రికి చచ్చిపోయేది. మాటలకీ మెసేజీలకీ మాత్రమే వేరే ప్లాను పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశం ఇచ్చింది, 2025 జనవరిలో కంపెనీలు పెట్టాయి కూడా. నేను వెళ్లి అడిగితే ఆ కుర్రాడు, "అలాంటిదేం లేదంకుల్, అందరూ ఇదే వేయించుకుంటారు" అన్నాడు. ఫోన్లో చూపించాక, "ఓ, ఇదా" అన్నాడు.

అప్పుడు వచ్చిన ప్లాన్లలో ఒకటి 1,849కి 365 రోజులు. ఇంకో కంపెనీది 1,748. చూడగానే రెండోదే చవకనిపిస్తుంది. కింద సన్నక్షరాల్లో గడువు చూస్తే 336 రోజులు. రోజుకి మొదటిది 5 రూపాయల 7 పైసలు, రెండోది 5 రూపాయల 20 పైసలు. తూకంలో 29 రోజులు కోసేసి రేటు తగ్గించానంటే మా యార్డులో చెల్లదు. ఏమైనా 299 ప్లాను రోజుకి 10 రూపాయల 68 పైసలు పడేది కాబట్టి మా అమ్మకి ఏడాదికి 2,038 మిగిలాయి. విషయం చెబితే, "ఆ డబ్బుతో ఏం కొంటావురా పెద్దోడా" అని అడిగింది. ఇంకా ఏం చెప్పలేదు.

నా మీద కూడా ఒక మాట చెప్పుకోవాలి. 2017లో మా వీధిలో ఒక మేడ మీద టవరు పెట్టబోతే వద్దని అందరం సంతకాలు పెట్టాం. అందులో నాదీ ఉంది. రేడియేషన్ వస్తుందన్నారు, భయపడ్డాం. మన దేశంలో 2012 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతేనని తరవాత తెలిసింది. ఆ టవరు రాలేదు. మా వంటగదిలో మాట ముక్కలవుతోందంటే అందులో నా సంతకం పాలు ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

చివరికి నేనేం చేశానంటే, నా నంబరు రెండో కంపెనీకి మార్చుకున్నాను. పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, నంబరు వేసి 1900కి మెసేజి పెడితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, నాలుగు రోజుల్లో వాడుకోవాలి. మూడో రోజుకి మారిపోయింది. ఈ సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది, నేను ఇన్నేళ్లూ భయపడుతూ కూచున్నా. కొట్టు పేరుతో వేసే క్యాలెండర్ల మీద నా నంబరే ఉంటుంది, ఆ నంబరు పోతే నాలుగొందల మంది రైతులు పోయినట్టే. అమ్మది మొదటి కంపెనీలోనే ఉంచాను. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో వైఫై ఉంది కాబట్టి ఫోన్లో వైఫై కాలింగ్ ఆన్ చేయించా, ఛాంబర్ గుమ్మం దాకా ఇప్పుడు మోగుతోంది. ఈ ఒక్క సెట్టింగు సంగతి కంపెనీ వాళ్లు ముందే చెప్పి ఉంటే 14,400 మిగిలేది. మా బావమరిది 2024 పెంపు అప్పుడు బీఎస్ఎన్ఎల్‌కి వెళ్లాడు. ఆ ఒక్క జులైలోనే దేశంలో దాదాపు 29 లక్షల మంది దాంట్లో చేరారట. వాళ్ల ఊళ్లో బాగానే ఉందంటాడు. అది వాళ్ల ఊరి మాట, నేను యార్డులో చూడలేదు కాబట్టి ఏమీ అనను.

నేను చెప్పొచ్చేది ఈ మారే పద్ధతిలోని చిక్కు గురించి. ఒకసారి కంపెనీ మారితే 90 రోజులు అక్కడే ఉండాలి. 90 రోజులంటే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మా సీజన్ మొత్తం. ఎంపిక తప్పితే ఏడాది వ్యాపారం ఆ సిమ్ముతోనే గడపాలి. నాకు నోటుబుక్కూ, రెండు సిమ్ములు పట్టే ఫోనూ, ఇంకో 299 ఖర్చు పెట్టే ఓపికా ఉన్నాయి. ఒక్క సిమ్ము ఫోనున్న హమాలీ ఎలా చూసుకుంటాడు? మారాలనుకునేవాడికి పది రోజులు శాంపిల్ ఇవ్వండి. పాత నంబరు పాతచోటే ఉంచి, కొత్త కంపెనీ సిగ్నల్ అతని ఇంట్లో, అతని పనిచోట ఎలా ఉందో చూసుకోనివ్వండి. కంపెనీలు సొంతంగా ఇవ్వకపోతే ఇమ్మని ట్రాయ్ చెప్పాలి. మాటల ప్లాను రేటు, గడువు, రోజుకి ఎంత పడుతుందో రీచార్జి కొట్టు గోడ మీద తెలుగులో, బియ్యం కొట్లో రేట్ల పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో రాయించాలి.

ట్రాయ్ వాళ్లు అప్పుడప్పుడు ఊళ్లలో కార్లేసుకుని తిరిగి సిగ్నల్ కొలుస్తారని చదివాను. గుంటూరు వస్తే రోడ్డు మీద కొలిచి పోకుండా యార్డులోకి రండి, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలోకి రండి, కుర్చీ నేను వేస్తాను. మార్చిలో, సోమవారం పొద్దున పదింటికైతే మరీ మంచిది. మే నెలలో మాత్రం రావద్దు. యార్డుకి వేసవి సెలవులు, అప్పుడు అన్ని కంపెనీలూ బ్రహ్మాండంగా పలుకుతాయి.

ఇట్లు,
ఒక గుమాస్తా,
మిర్చి యార్డు, గుంటూరు